ఉచిత ఎడిటర్ సరే... చేతికి ఏమిస్తుంది?

‘కోడింగ్ రాకపోయినా పావుగంటలో వెబ్‌సైట్!’ ఈ మాట యూట్యూబ్‌లో ఎన్నిసార్లు వినుంటారో లెక్కలేదు. ఇందులో అబద్ధమేమీ లేదు. బొమ్మను మౌస్‌తో పట్టుకుని లాగి వదిలితే పేజీ మీద అతుక్కుంటుంది. అక్షరాల మీద క్లిక్ చేసి, వర్డ్‌లో కొట్టినట్టే కొట్టుకుంటూ పోవచ్చు. తెర మీద ఏది కనబడుతోందో బ్రౌజర్‌లోనూ దాదాపు అదే కనబడుతుంది. వెనకాల కావాల్సిన హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ కోడ్‌ను ఎడిటరే రాసిపెడుతుంది. వీటినే విజువల్ ఎడిటర్లు అంటున్నాం.

ప్లేస్‌మెంట్ల సీజన్ దగ్గరపడగానే జూనియర్ల నుంచి నాకొచ్చే మెసేజ్ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ‘అన్నా, పోర్ట్‌ఫోలియో పేజీ చేసుకోవాలి. ఫ్రీ ఎడిటర్ ఏది మంచిది?’ ఒక్క పేరు చెప్పేసి తప్పుకోవడం తేలికే. కానీ ఆ పేజీని ఎవరికి చూపించబోతున్నారు, ఏడాది తర్వాత దాన్ని ఏం చేయబోతున్నారు అన్నది తెలియకుండా చెప్పే పేరు లాటరీ టికెట్ లాంటిదే. అందుకే ముందు నేనే ఒక ప్రశ్న వేస్తుంటాను: ‘ఆ ఎడిటర్ రేపు మూతపడితే నీ చేతిలో ఏం మిగులుతుంది?’

మూతపడటం కొత్త కాదు

ఇది భయపెట్టడానికి అంటున్న మాట కాదు. 1990ల చివర్లో ఇంటర్నెట్‌లో సొంత పేజీ కావాలంటే చాలామందికి తెలిసిన చిరునామా జియోసిటీస్. దాన్ని యాహూ కొనుక్కుంది, 2009 అక్టోబరులో మూసేసింది. విడిగా దాచుకోనివాళ్ల పేజీలు వాటితోపాటే పోయాయి. మన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ల బోర్డుల మీద ఒకప్పుడు గొప్పగా వెలిగిన మైక్రోసాఫ్ట్ ఫ్రంట్‌పేజ్ కథ 2003 వెర్షన్‌తో ముగిసింది. దాని తర్వాత వచ్చిన ఎక్స్‌ప్రెషన్ వెబ్‌ను 2012 డిసెంబరులో ఉచితంగా ఇచ్చేశారు. వినడానికి బాగుంది కదా? ఇక కొత్త వెర్షన్లు రావని చెప్పి మరీ ఇచ్చిన ఉచితం అది. కోడ్ రాయకుండానే సైట్లు కట్టే అడోబీ మ్యూజ్‌ను ఆపేస్తున్నామని 2018 మార్చిలో ప్రకటించారు, 2020 మార్చితో సపోర్ట్ కూడా అయిపోయింది. అది డబ్బులు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్. డబ్బు కట్టినవాళ్లకే ఆ భరోసా లేనప్పుడు ఉచితంగా వాడుకునేవాళ్లు ఏమని అడుగుతారు?

ఇక్కడ ఒక తేడా గమనించండి. ఫ్రంట్‌పేజ్ పోయినా, దాంతో చేసిన పేజీలు ఫోల్డర్‌లో ఫైళ్లుగా ఉన్నవాళ్లు వాటిని ఈరోజుకీ బ్రౌజర్‌లో తెరిచి చూసుకోవచ్చు. జియోసిటీస్‌లో మాత్రమే పెట్టుకున్నవాళ్లకు ఆ వీలు లేకుండా పోయింది. ఎడిటర్‌ను ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది ఈ తేడానే.

కాంపోజర్ అనే పాత కాపు

‘ఉత్తమ ఉచిత ఎడిటర్లు’ అని వెతికితే వచ్చే జాబితాల్లో కాంపోజర్ పేరు ఇప్పటికీ తగులుతూనే ఉంటుంది. ఒకరి జాబితాను ఇంకొకరు దించుకోవడం వల్ల వచ్చిన తిప్పలిది. దీని వంశవృక్షం ఆసక్తిగా ఉంటుంది. నెట్‌స్కేప్ బ్రౌజర్‌తోపాటు కంపోజర్ అని ఒక ఎడిటర్ వచ్చేది. దాని వారసత్వాన్ని అందుకుని డానియెల్ గ్లాజ్‌మన్ అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ ఎన్వ్యూ తయారుచేశాడు, 2005లో దాని 1.0 వెర్షన్ వచ్చింది. ఎన్వ్యూ ఆగిపోయాక, అందులోని లోపాలు సరిచేస్తూ వేరేవాళ్లు నడిపిందే కాంపోజర్. చిన్న ఫైలు, పాత కంప్యూటర్‌లోనూ పరుగెడుతుంది, ఎడమచేతి పక్క ఫైళ్ల జాబితా, కింద డిజైన్, సోర్స్ ట్యాబులు. నేర్చుకునేవాళ్లకు నిజంగా ముచ్చటైన అమరిక.

మరి చిక్కెక్కడ? దాని చివరి స్థిరమైన వెర్షన్ 0.7.10 వచ్చింది 2007లో. గూగుల్ క్రోమ్ ఇంకా పుట్టలేదు, అది వచ్చింది 2008 సెప్టెంబరులో. ఫోన్ తెరను బట్టి పేజీ దానంతటదే సర్దుకునే పద్ధతికి ‘రెస్పాన్సివ్ వెబ్ డిజైన్’ అని ఈథన్ మార్కాట్ పేరు పెట్టింది 2010లో. హెచ్‌టీఎంఎల్5 అధికారిక ప్రమాణమైంది 2014లో. వీటన్నిటికంటే ముందే ఆగిపోయిన ఎడిటర్ మీకు రాసిచ్చే పేజీ ఏ కాలానిదై ఉంటుందో ఊహించుకోండి. పక్కపక్కన రెండు పేరాలు పెట్టాలంటే టేబుల్ గీయమంటుంది. హెచ్ఆర్ మీ లింకును ఫోన్‌లో తెరిస్తే అక్షరాలు చీమల్లా కనబడతాయి. అదే గ్లాజ్‌మన్ తర్వాత చేసిన బ్లూగ్రిఫన్ హెచ్‌టీఎంఎల్5ను అర్థం చేసుకుంటుంది, కాంపోజర్ కంటే చాలా మెరుగు. కానీ దానికీ కొత్త వెర్షన్లు రావడం దాదాపు ఆగిపోయింది. మంచి సాఫ్ట్‌వేర్‌కు ఇలా జరగడం చూస్తే బాధేస్తుంది గానీ, ఉద్యోగం వెతుక్కునేవాళ్లు జాలితో ఎడిటర్‌ను ఎంచుకోలేరు.

కాబట్టి ఏ జాబితాలో ఏ పేరు చూసినా, డౌన్‌లోడ్ బటన్ నొక్కేముందు చివరి వెర్షన్ ఏ సంవత్సరంలో వచ్చిందో చూడండి. అర నిమిషం పని.

అద్దె ఇల్లా, సొంత ఇల్లా?

ఇప్పుడు బతికున్న ఉచిత ఎడిటర్లను స్థూలంగా రెండు గుంపులు చేయొచ్చు. మొదటి గుంపు అద్దె ఇళ్లు. విక్స్, గూగుల్ సైట్స్, కార్డ్, వెబ్‌ఫ్లో, క్యాన్వాలో వెబ్‌సైట్ చేసే సదుపాయం... ఇవన్నీ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటాయి, పేజీ కూడా వాళ్ల సర్వర్లోనే ఉంటుంది. ఇల్లు అందంగా ఉంటుంది, దిగడం తేలిక. కానీ గోడకు మేకు కొట్టాలన్నా ఓనర్‌ను అడగాలి. ఉచిత ఖాతాలో మీ చిరునామా చివర వాళ్ల పేరుంటుంది. విక్స్‌లో వాళ్ల ప్రకటన కూడా మీ పేజీ మీద కూర్చుంటుంది. ఇవి భరించదగ్గవే. అసలు విషయం ఖాళీ చేసేటప్పుడు తెలుస్తుంది. విక్స్‌లో కట్టిన సైట్‌ను మూటగట్టి ఇంకో చోటికి తీసుకెళ్లే వీలు లేదు. వెబ్‌ఫ్లో చక్కటి కోడ్ రాస్తుంది, కానీ దాన్ని దింపుకోవాలంటే డబ్బు కట్టే ప్లాన్ ఉండాలి. కార్డ్‌లోనూ అంతే, ఉచితంగా మూడు సైట్ల వరకూ ఇస్తుంది, కోడ్ దింపుకోవడం మాత్రం పైస్థాయి ప్లాన్‌లోనే.

గూగుల్ సైట్స్‌లో ప్రకటనలు ఉండవు, బడ్జెట్ సున్నా, నేర్చుకోవడానికి అరపూట చాలు. దీంతో ఒక జాగ్రత్త ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీతో సైట్ కట్టకండి. కోర్సు అయిపోయాక ఆ ఐడీని కాలేజీ తీసేస్తే దాంతోపాటు మీ సైటూ మాయం కావొచ్చు. సరిగ్గా ఉద్యోగాల వేటలో ఉన్న నెలల్లో! సొంత జీమెయిల్ వాడండి.

రెండో గుంపు సొంత ఇళ్లు. ఇవి పేజీని ఫైళ్లుగా మీ చేతికిస్తాయి. ఇక్కడ నాకు నచ్చింది గ్రేప్స్‌జేఎస్. ఇది ఓపెన్ సోర్స్. నిజానికి ఇది ఇతర సాఫ్ట్‌వేర్లలో బిగించుకోవడానికి చేసిన ఇంజిన్, కానీ వాళ్ల వెబ్‌సైట్‌లో ఉన్న డెమోలోనే పూర్తి పేజీ చేసుకోవచ్చు. బ్లాకులు లాగి వదలడం, పక్కన రంగులు, అంచులు మార్చడం, డెస్క్‌టాప్ నుంచి ఫోన్ సైజుకు మార్చి చూసుకోవడం అన్నీ ఉన్నాయి. పైన ఒక బటన్ నొక్కితే హెచ్‌టీఎంఎల్ ఒకవైపు, సీఎస్ఎస్ ఒకవైపు చూపిస్తుంది. కాపీ చేసుకుని వచ్చేయడమే. దీని ఆధారంగానే తయారైన సైలెక్స్ కూడా ఓపెన్ సోర్సే. మామూలు ఎడిటర్‌లా వాడుకోవాలంటే అది ఇంకా అనువు.

మరి వర్డ్‌ప్రెస్? ఇది మధ్యరకం. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దీని మీదే నడుస్తున్నాయి కాబట్టి పక్కన పెట్టడానికి లేదు. 2018 డిసెంబరులో వచ్చిన 5.0 వెర్షన్ నుంచి ఇందులో బ్లాక్ ఎడిటర్ ఉంది, అది విజువల్ ఎడిటరే. చివర డాట్ కామ్ ఉన్న వర్డ్‌ప్రెస్ ఒక కంపెనీ నడిపే అద్దె ఇల్లు. డాట్ ఆర్గ్‌లో దొరికేది ఎవరైనా దింపుకుని తమ సర్వర్లో పెట్టుకోగలిగే ఉచిత సాఫ్ట్‌వేర్. ఇంటర్వ్యూలో ఈ తేడా తెలియక తడబడేవాళ్లు ఎక్కువ. సర్వర్ లేకుండా ప్రయత్నించాలంటే వర్డ్‌ప్రెస్ ప్లేగ్రౌండ్ అని ఒకటుంది, బ్రౌజర్‌లోనే మొత్తం వర్డ్‌ప్రెస్ తెరుచుకుంటుంది. కాలేజీ ల్యాబులో ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వరు కదా, అలాంటి చోట అక్కరకొస్తుంది.

ఒక పూట పరీక్ష

నా మాట నమ్మనక్కర్లేదు. ఒక ఆదివారం పొద్దున కూర్చుంటే మీరే తేల్చుకోవచ్చు. మీకు నచ్చిన రెండు మూడు ఎడిటర్లలో ఒకే పేజీ చేయండి. పేరు, ఫొటో, రెండు ప్రాజెక్టుల గురించి రెండేసి పేరాలు, నైపుణ్యాల పట్టిక, మెయిల్ లింక్. అంతకు మించి వద్దు. ఏ ఎడిటర్‌తో మీ చేయి తేలిగ్గా ఆడుతోందో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఆ తర్వాత అసలు పరీక్ష. పేజీని ఫోల్డర్‌లోకి దింపండి. నెట్ ఆపేసి, ఆ ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేయండి. తెరుచుకుందా? ఫొటో కనబడుతోందా? ఇప్పుడు అదే ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి మీ పేరు వెతకండి. కొన్ని ఎడిటర్లు రాసిన కోడ్‌లో అది వెంటనే దొరుకుతుంది, చుట్టూ శీర్షిక అని చెప్పే హెచ్1 ట్యాగ్ ఉంటుంది. ఇంకొన్నింటిలో డివ్‌లో డివ్, దానిలో ఇంకో డివ్, ఉల్లిపాయ పొరల్లా ఒలుచుకుంటూ పోతే ఎక్కడో లోపల ఉంటుంది. పేరులో ఒక అక్షరం మార్చి సేవ్ చేయండి, బ్రౌజర్‌లో మారిందా చూడండి. మారితే ఆ ఎడిటర్ లేకపోయినా ఆ పేజీ మీ అదుపులో ఉన్నట్టే.

మరో రెండు నిమిషాలు. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, ఫోన్ గుర్తు మీద క్లిక్ చేస్తే పేజీ ఫోన్‌లో ఎలా ఉంటుందో కనబడుతుంది. అక్కడే లైట్‌హౌస్ అనే ట్యాబ్ ఉంటుంది. వేగం, కంటిచూపు లేనివాళ్లకు స్క్రీన్ రీడర్‌తో అందే తీరు వంటివాటికి వందకు మార్కులేస్తుంది. డబ్ల్యూ3సీ వాళ్ల వ్యాలిడేటర్‌లో ఫైలు పెడితే కోడ్‌లోని తప్పులు వరసగా చెబుతుంది. ఒక్క తప్పు కూడా రాకూడదని పట్టుబట్టకండి, పెద్ద కంపెనీల పేజీలకే వస్తాయి. మూడు ఎడిటర్ల మధ్య తేడా ఎంతో చూడండి చాలు.

చెప్పినట్టు పేజీలు రాసిపెట్టే ఏఐ సాధనాలు ఇప్పుడు బోలెడు వచ్చాయి. వాటికీ ఇదే పరీక్ష పెట్టండి, వేరే కొలబద్ద అక్కర్లేదు.

ఎవరికి ఏది?

మెకానికల్, బీకాం, ఎంబీఏ వాళ్లయితే నేను మొహమాటం లేకుండా గూగుల్ సైట్స్ చాలంటాను. మీ పేజీ సోర్స్‌ను ఎవరూ తెరిచి చూడరు. మీరు చేసిన ప్రాజెక్టు ఫొటోలు, ఇంటర్న్‌షిప్ రిపోర్టు నీటుగా కనబడితే పని జరిగినట్టే. దానికోసం నెలరోజులు హెచ్‌టీఎంఎల్ నేర్చుకోవడం, దోమను చంపడానికి గొడ్డలి వెతకడం లాంటిది. ఆ సమయం ఎక్సెల్ మీద పెట్టండి.

డిజైన్ ఉద్యోగాల మీద కన్నేసినవాళ్లకు వెబ్‌ఫ్లో ఉచిత ఖాతా మంచి బడి. దాని ప్యానెళ్లలో కనబడే మార్జిన్, ప్యాడింగ్, ఫ్లెక్స్ అన్నీ సీఎస్ఎస్‌లో ఉన్న పేర్లే. బొమ్మలు జరుపుతూనే ఆ భాష వచ్చేస్తుంది. కోడ్ దింపుకోలేరన్న సంగతి గుర్తుంచుకుని, నేర్చుకోవడానికి వాడండి.

ఊళ్లో కోచింగ్ సెంటర్‌కో, ఫంక్షన్ హాలుకో సైట్ చేసిపెట్టి నాలుగు రూపాయలు సంపాదించుకోవాలనుకుంటే వర్డ్‌ప్రెస్‌కు మించింది లేదు. మీరు ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోయాక, ఆ హాలు యజమాని తన రేట్లు తనే మార్చుకోగలగాలి. రేపు ఇంకో కుర్రాడు వచ్చినా పని అందుకోగలగాలి.

ఇక సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే కావాలనుకునే సీఎస్ఈ, ఐటీ, ఎంసీఏ వాళ్లు. మీ దగ్గరే కాస్త కఠినంగా ఉంటాను. అద్దె ఇంట్లో కట్టిన పోర్ట్‌ఫోలియోతో ఫ్రంట్ ఎండ్ ఇంటర్వ్యూకు వెళ్లొద్దు. ఇంటర్వ్యూ చేసే వ్యక్తి మీ లింకు తెరిచి, కుడి క్లిక్ కొట్టి, ‘ఈ రెండు బాక్సులు ఫోన్‌లో ఒకదాని కింద ఒకటి ఎలా వస్తున్నాయి?’ అని అడిగితే, ‘ఎడిటర్ చేసింది సార్’ అనేది జవాబు కాదు. విజువల్ ఎడిటర్ వాడటం నామోషీ ఏమీ కాదు. గ్రేప్స్‌జేఎస్‌లోనో సైలెక్స్‌లోనో చట్రం వేసుకోండి, కోడ్ బయటికి తీయండి, వీఎస్ కోడ్‌లో తెరవండి. అక్కడ లైవ్ ప్రివ్యూ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే ఒకపక్క కోడ్, ఇంకోపక్క పేజీ. ఎడిటర్ రాసిన ఒక్కో లైనూ తీసి చూడండి, ఏది కదిలితే ఏది విరుగుతోందో. అనవసరమైన డివ్‌లు పీకేయండి. వారం రోజులు రోజుకో గంట ఇలా కూర్చుంటే, ఆ పేజీలో మీకు తెలియని లైను ఉండదు. ల్యాప్‌టాప్ లేనివాళ్లకు ల్యాబులో బ్రౌజర్‌లోనే తెరుచుకునే వీఎస్ కోడ్ కూడా ఉంది.

పేజీ పెట్టుకోవడానికి గిట్‌హబ్ పేజెస్ చాలు. పబ్లిక్ రిపోజిటరీ అయితే ఉచితం, సైటు సైజు 1 జీబీ వరకూ ఉండొచ్చు, మీ యూజర్ పేరుతోనే చిరునామా వస్తుంది. గిట్ వాడటం తెలుసని రెజ్యూమెలో రాసుకోవడానికి అది సాక్ష్యం కూడా. ఒక్కటే, ఆ రిపోజిటరీ లోకం మొత్తానికి కనబడుతుంది. మార్కుల మెమోల స్కాన్లు, ఆధార్, ఇంటి చిరునామా అందులో పెట్టకండి. తర్వాత తీసేసినా పాత కమిట్లలో ఉండిపోతాయి.

ఎక్కించాక కనబడే వింతలు

ఇంట్లో బ్రహ్మాండంగా ఉన్న పేజీ నెట్‌లోకి ఎక్కించగానే ఫొటో మాయమవుతుంది. నూటికి తొంభైసార్లు కారణం రెండింటిలో ఒకటి. మొదటిది, ఎడిటర్ ఆ ఫొటోకు మీ కంప్యూటర్‌లోని దారి రాసేసి ఉంటుంది, సీ డ్రైవ్, యూజర్స్, డెస్క్‌టాప్ అంటూ. ఆ దారి మీ ఇంట్లో తప్ప ఇంకెక్కడా లేదు. ఫొటోను ముందే పేజీ ఉన్న ఫోల్డర్‌లో వేసి, అక్కడి నుంచి జోడించండి. రెండోది అక్షరాల సైజు. ఇంగ్లిష్‌లో పెద్ద పీ, చిన్న పీ విండోస్‌కు ఒకటే. గిట్‌హబ్ పేజెస్ లాంటి చోట్ల రెండూ వేర్వేరు. ఫైళ్ల పేర్లన్నీ చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టడం అలవాటు చేసుకుంటే ఈ తలనొప్పి ఉండదు. అలాగే ఫోన్ కెమెరాతో తీసిన ఫొటోను యథాతథంగా ఎక్కించకండి. పాస్‌పోర్టు సైజులో కనబడే బొమ్మకు నాలుగైదు ఎంబీలెందుకు?

తెలుగులో పేజీ చేసేవాళ్లకు ఇంకో గండం. ప్రింటింగ్ ప్రెస్ వాళ్లు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టిన మ్యాటర్ ఇస్తారు. దాన్ని ఏ ఎడిటర్‌లో అతికించినా అర్థంలేని గుర్తులే వస్తాయి, ఎందుకంటే అది యూనికోడ్ కాదు. కన్వర్టర్లు ఉన్నాయి, వాటితో మార్చాక ఒత్తులు, పొల్లులు ఒకసారి చదివి సరిచూడాలి. ఫాంటు కోసం గూగుల్ ఫాంట్స్‌లో మండలి, ఎన్టీఆర్, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు ఉచితంగా ఉన్నాయి. ఎడిటర్లు ఇంగ్లిష్‌ను దృష్టిలో పెట్టుకుని లైన్ల మధ్య ఎడం తక్కువగా ఇస్తాయి. మన ఒత్తులు కింది లైనులోని గుడి దీర్ఘాలతో గుద్దుకుంటాయి. లైన్ హైట్ 1.7 దగ్గర పెట్టి చూడండి, పేజీకి ఊపిరి ఆడుతుంది. నేను చూసిన విజువల్ ఎడిటర్లన్నిటిలోనూ ఈ సెట్టింగ్ ఉంది, వెతుక్కోవడానికి కొంచెం ఓపిక కావాలంతే.

అంతా అయ్యాక ఆ లింకును రెజ్యూమెలో పేరు కిందే పెట్టండి, మూడో పేజీ అడుగున కాదు. పీడీఎఫ్ చేశాక లింకు క్లిక్ అవుతోందో లేదో వేరేవాళ్ల ఫోన్‌లో నొక్కి చూడండి. మీ ఫోన్‌లో మీ ఖాతా లాగిన్ అయి ఉంటుంది కాబట్టి, పబ్లిష్ చేయని పేజీ కూడా మీకు కనబడుతూనే ఉంటుంది. అవతలివాళ్లకు మాత్రం ‘యాక్సెస్ కావాలి’ అని వస్తుంది.